కంబాలకొండ అంచున దుప్పులకు చాటు పెంచడం: మొక్క ఎంపిక నుంచి కంచె తీసేదాకా

మంచు పడే దేశాల్లో జింకల కోసం పైన్, స్ప్రూస్, సెడార్ మొక్కలు నాటుతారు. చలికాలంలో మిగతా చెట్లు మోడులైపోయినా వీటి ఆకు నిలుస్తుంది, గాలి ఆగుతుంది, చెట్టు కింద మంచు తక్కువ పేరుకుంటుంది. విశాఖ కొండల్లో దుప్పికి కష్టం చలితో కాదు. ఏప్రిల్, మే ఎండలతో, తరిమే ఊరకుక్కలతో, నీడా మేతా లేని బోడి వాలులతో. అందుకే ఇక్కడ చాటు అంటే నడివేసవిలో కూడా ఆకు నిలిచి, నేల నుంచే గుబురుగా లేచే పొద.

అరకు వైపు పైన్ చెట్లు చూసి ఆ మొక్క తెచ్చి కొండ కింది ఆనందపురంలోనో అడవివరంలోనో నాటాలని చాలామందికి అనిపిస్తుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి చల్లదనం వేరు. పైగా దక్షిణ భారతంలో పైన్ సహజంగా పెరిగే చెట్టు కాదు. దాని వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం నేలలో లేకపోతే మొక్క పసుపుబారి కుంగిపోతుంది. పాత పైన్ తోట మట్టిని నర్సరీ సంచుల్లో కలిపేది అందుకే. రాలిన సూదులాకులు ఎండితే ఇట్టే అంటుకుంటాయి కూడా. చూడ్డానికి పైన్‌లా ఉండే సరుగుడు మన ఇసుక తీరంలో గాలిని బాగా ఆపుతుంది, దాన్ని అక్కడే ఉండనివ్వండి. కొండవాలు మీద దట్టంగా వేస్తే రాలిన పుల్ల చాపలా పరుచుకుని గడ్డిని లేవనివ్వదు. దుప్పి తినే పండూ ఇవ్వదు. జామాయిల్, సుబాబుల్, కొనోకార్పస్ కూడా ఈ పనికి వద్దు.

ముందు నేల సంగతి. 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. దాని లోపల అనుమతి లేకుండా ఒక్క మొక్క కూడా నాటకూడదు. ఇక్కడ చెప్పేదంతా కొండను ఆనుకున్న పట్టా భూములకూ కాలేజీ, కంపెనీ ప్రాంగణాలకూ మాత్రమే. ఇళ్లకు కనీసం 200 మీటర్ల దూరం ఉంచండి. దుప్పి వచ్చినచోటికి చిరుత కూడా వస్తుంది. జాతీయ రహదారి వైపు అంచున అసలు వద్దు. మేత కోసం రోడ్డు దాటడం అలవాటైన దుప్పి ఏదో ఒక రాత్రి లారీ కింద పడుతుంది.

చుక్కల దుప్పికీ కణితికీ (సాంబర్) కావలసినవి ఒకటి కాదు. చుక్కల దుప్పి ప్రధానంగా గడ్డి మేస్తుంది, రాలిన పండూ పువ్వూ ఏరుకుంటుంది, పొదకూ మైదానానికీ మధ్య అంచున తిరుగుతుంది. కణితి పగలంతా దట్టమైన చాటున పడుకుని చీకటిపడ్డాక కదులుతుంది, ఆకూ లేత కొమ్మా ఎక్కువ తింటుంది. రెండిటికీ సరిపడాలంటే నేలంతా చెట్లతో నింపకండి. 10 సెంట్ల గుబురు, పక్కన అంతకు రెండింతల గడ్డినేల, మళ్లీ ఒక గుబురు. ఇలా విడివిడిగా ఉండాలి.

10 సెంట్లంటే సుమారు 20 మీటర్లకు 20 మీటర్లు. అంచు చుట్టూ రెండు వరుసల పొదలు వెయ్యండి, వరుసకూ వరుసకూ, మొక్కకూ మొక్కకూ మీటరున్నర ఎడం. వాక (వాక్కాయ), అల్లి (చెరువులో కలువ కాదు, కొండ పొద), బలుసు, పాల (పాలపండ్లది) ఈ కొండల ఎర్రమట్టికి అలవాటైన జాతులు. వీటిలో పాల నెమ్మదిగా పెరిగి చెట్టవుతుంది, పొద వయసులో మాత్రం మంచి చాటు. ఎదురెదురు వైపుల 3 మీటర్ల చొప్పున రెండు దారులు వదలండి. ఒక్క దారే ఉన్న గుబురులోకి దుప్పి వెళ్లదు. వెళ్లినా కుక్కలు తరిమినప్పుడు లోపలే చిక్కిపోతుంది. దారులు పోను 80 దాకా పొదలు పడతాయి, చచ్చినవాటి చోట నాటడానికి ఇంకో 10 ఉంచుకోండి.

లోపల 5 మీటర్ల ఎడంలో 9 చెట్లు: నేరేడు 3, ఉసిరి 2, మేడి, మారేడు, వెలగ, మోదుగ ఒక్కొక్కటి. నేరేడు జూన్, జూలైలో రాలుతుంది. మోదుగ పువ్వు ఎండలు ముదిరే ముందు, గడ్డి ఎండిపోయిన రోజుల్లో నేల మీద పడుతుంది, దుప్పులు దాన్ని ఇష్టంగా ఏరుకు తింటాయి. ఉసిరికాయను మింగి, తర్వాత నెమరేసేటప్పుడు గింజను ఉమ్మేస్తాయి, మరో చోట మొలిచేది అదే. వాగు పక్క తేమ ఉంటే రెండు వెదురు పొదలు కలపండి.

నర్సరీలో చూడవలసింది

అందరూ చూసేది ఎత్తు, చూడవలసింది వేరు. ఎవరూ అడగకపోయినా ఒక మొక్క డబ్బు అదనంగా ఇచ్చి, ఒక సంచిని బ్లేడుతో నిలువునా కోసి చూడండి. మట్టిముద్ద విడిపోకుండా, తెల్లటి లేత వేళ్లు అంచుదాకా కనిపిస్తే ఆ వరుస కొనవచ్చు. తల్లివేరు సంచి అడుగున తగిలి గుండ్రంగా చుట్టుకుపోయి, గోధుమరంగు తాడులా గట్టిపడి ఉంటే ఆ వరుస మొత్తం వదిలెయ్యండి. అలాంటి మొక్క రెండుమూడేళ్లు పచ్చగానే పెరుగుతుంది. కానీ చుట్టుకున్న వేరు లోతుకు దిగదు, లావెక్కుతున్నకొద్దీ తనను తానే బిగించుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో లెక్కలేనన్ని చెట్లను పెకలించిన సంగతి విశాఖ మరిచిపోలేదు. మనం నాటే చెట్టుకూ అలాంటి గాలి ఏదో ఒక అక్టోబరులో తప్పదు, దాన్ని తట్టుకునేది చుట్టుకోని వేరే.

మొక్క ఎత్తు 60 నుంచి 90 సెంటీమీటర్లు, మొదలు పెన్సిలంత లావు, వయసు ఏడాది లోపు. నాలుగడుగులుండి సన్నగా వాలిపోయేది నీడలో సాగిన మొక్క, ఎండలో పెట్టగానే వాడుతుంది. సంచి నుంచి వేరు నేలలోకి దిగిపోయి ఉంటే లాగేటప్పుడు తెగుతుంది. తెచ్చిన మొక్కల్ని రెండు వారాలు మొదట సగం నీడలో, తర్వాత పూర్తి ఎండలో పెట్టి నీరు కొంచెం కొంచెం తగ్గించండి. ఎప్పుడూ సంచి పట్టుకుని ఎత్తాలి, కాండం పట్టుకుని కాదు.

గొయ్యి, నాటడం

వైశాఖంలో గొయ్యి, ఆషాఢంలో మొక్క. చెట్లకు గొయ్యి పొడవు, వెడల్పు, లోతు మూడూ 45 సెంటీమీటర్లు, పొదలకు 30 చాలు. గునపానికి రాయి తగిలే వాలుల్లో చెట్ల గొయ్యి 60 దాకా తవ్వండి, ఈ కొండల ఖొండలైటు అనే రాయి పైపొర కుళ్లి మెత్తగానే వస్తుంది. పైన వచ్చిన మట్టి ఒకవైపు, అడుగు మట్టి ఇంకోవైపు పోసి, గొయ్యిని మూడు నాలుగు వారాలు ఎండనివ్వండి. పూడ్చేటప్పుడు పైమట్టిలో 3 కిలోల బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు), 100 గ్రాముల వేపపిండి కలపండి. పచ్చి పేడ వేస్తే వేరు కాలుతుంది, చెద కూడా చేరుతుంది.

మొదటి వానకే తొందరపడకండి. రెండు మంచి వానలు పడ్డాక పారతో ఒక అడుగు తవ్వి చూడండి, అడుగునా తడి ఉంటే అప్పుడు నాటాలి. విశాఖలో ఇది సాధారణంగా జూన్ చివర నుంచి జూలై ఆఖరు దాకా. అప్పుడు నాటినది అక్టోబరు వానలకల్లా వేరు పట్టుకుంటుంది. అక్టోబరులో నాటిన మొక్కకు ఆ తర్వాత జూన్ దాకా గట్టి వాన దొరుకుతుందన్న నమ్మకం లేదు. సంచిని చింపి పూర్తిగా తీసెయ్యండి, అడుగు ఒక్కటే కోసి మిగతాది వదలొద్దు. మొక్క మెడ (వేరూ కాండం కలిసేచోటు) నేలమట్టానికి రావాలి. కాలి మడమతో చుట్టూ అదిమి, గాలి గదులు లేకుండా చెయ్యండి. వాలు మీద పాదు గుండ్రంగా కాక, కింది వైపు అర్ధచంద్రాకారపు గట్టుగా వేస్తే జారే నీరు మొక్క దగ్గరే ఆగుతుంది.

కంచె

దుప్పుల కోసం నాటిన మొక్కను మొదట తినేసేవి దుప్పులే, వాటికంటే ముందు మేకలు. ఒక్కో చెట్టు మొక్క చుట్టూ 60 సెంటీమీటర్ల వెడల్పు, 5 అడుగుల ఎత్తు వెల్డుమెష్ (ఇనుప జాలి) గుండ్రంగా చుట్టి మూడు కర్రలకు కట్టండి. అంతకంటే పొట్టిగా ఉంటే దుప్పి వెనక కాళ్ల మీద లేచి చిగురు అందుకుంటుంది. పొదల వరుసకు విడివిడి మెష్ అక్కర్లేదు, రేగుకంప రెండు వైపులా దట్టంగా పరిస్తే చాలు. ప్లాస్టిక్ గొట్టాల రక్షణ చల్లని దేశాలకు బాగుంటుంది, మన మే ఎండలో లోపలి మొక్క ఉడికిపోతుంది.

హార్బరు వైపు చవకగా దొరికే పాత చేపల వలలు కంచెగా కట్టొద్దు, ఎంత చవకైనా సరే. నైలాన్ దారం కొమ్ముకు చుట్టుకుంటే మగ దుప్పి విదిలించుకునేకొద్దీ బిగుస్తుంది, ఉదయానికి మెడ విరిగో, అలిసిపోయో చచ్చి ఉంటుంది. ముళ్లతీగ కూడా వద్దు.

స్థలంలో లాంటానా అనే కలుపు పొద ఉంటే ఒక్కసారిగా తీసెయ్యాలనిపిస్తుంది. కానీ ఇవాళ్టికి అక్కడి జంతువుల చాటు అదే. ఏడాదికి మూడో వంతు చొప్పున తీసి, తీసినచోట పొద మొక్కలు నాటుతూ పోవాలి. పైన నరికితే మళ్లీ చిగురుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, పూతకు ముందు, వేరును మట్టికి 5 సెంటీమీటర్ల కింద గొడ్డలితో తెంపి, పొదను తలకిందులుగా పడేసి ఎండనివ్వండి. పక్షులు వాలే చెట్ల కింద రెట్టలతో గింజ పడి మళ్లీ మొలుస్తుంది, అక్కడ మాత్రం రెండేళ్లు పీకుతూ ఉండాలి.

మొదటి వేసవి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, వారానికోసారి మొక్కకు 10 లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. పాదులో ఎండుటాకు నాలుగు వేళ్ల మందం కప్పి, కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలండి. మార్చిలోపు గుబురు చుట్టూ 3 మీటర్ల వెడల్పున గడ్డి చెక్కేస్తే కొండ మీది నిప్పు లోపలికి రాదు. రెండో వేసవిలో పదిహేను రోజులకోసారి నీళ్లు, మూడో ఏడు మానెయ్యవచ్చు.

చెట్టు తల ఆరున్నర అడుగులు దాటి, మొదలు మణికట్టంత లావయ్యాక మెష్ తీసెయ్యండి. ఆలస్యం చేస్తే కమ్మీ బెరడులోకి దిగిపోతుంది. మూడు కర్రలు మాత్రం ఇంకో రెండేళ్లు ఉంచండి. కొమ్ముల మీది మెత్తని తోలు రాల్చుకోవడానికి మగ దుప్పి సరిగ్గా ఆ లావు కాండాన్నే వెతుక్కుని రుద్దుతుంది, చుట్టూ బెరడు లేచిపోతే చెట్టు చస్తుంది.