టెట్రాసైక్లిన్ సెన్సర్ అసలు నీటిలో తప్పు చూపిస్తుంటే

టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందును నీటిలో పట్టడానికి రెండు రకాల వెలిగే కణాలు వాడతారు. కార్బన్ డాట్లు (వెలిగే సూక్ష్మ కార్బన్ కణాలు) ఆ మందు తగిలితే మసకబారతాయి. యూరోపియం అనే లోహం ఉన్న కణాలు దానికి విరుద్ధంగా 616 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండూ బుద్ధిగానే ఉంటాయి. చెరువు నీరో కుళాయి నీరో పోశాకే పేచీ.

సమస్య: మందు లేని నీటిలోనూ కార్బన్ డాట్ల వెలుగు తగ్గుతోంది

ఫెర్రిక్ ఇనుము, రాగి అయాన్లు కూడా వాటిని ఆర్పుతాయి. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలైతే అతినీలలోహిత కాంతిని మింగేస్తాయి. నీటిని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి, బఫర్‌తో (pH మారకుండా నిలిపే ద్రావణం) పది రెట్లు పలుచన చేయండి. తర్వాత లోహ అయాన్లను పట్టి ఉంచే ఈడీటీఏ కొద్దిగా కలపండి. వెలుగు చాలావరకు తిరిగివస్తే దోషం లోహానిదే. యూరోపియం సెన్సర్లో మాత్రం ఈడీటీఏ వద్దు, యూరోపియాన్నే పట్టుకుపోతుంది.

సమస్య: గాఢత పెరిగేకొద్దీ క్యాలిబ్రేషన్ గీత (మందు లేనప్పటి వెలుగు ÷ ఉన్నప్పటి వెలుగు) పైకి వంగుతోంది

ఎక్కువసార్లు దీనికి కారణం సెన్సర్ కాదు, టెట్రాసైక్లినే. అది 360 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని బలంగా శోషిస్తుంది. మీ ఎక్సైటేషన్ (కణాలను వెలిగించడానికి పంపే కాంతి) కూడా అక్కడే ఉంటే కణాలకు అందాల్సిన వెలుగు దారిలోనే తగ్గిపోతుంది. 1 సెంటీమీటర్ క్యూవెట్‌లో ఎక్సైటేషన్, ఎమిషన్ (కణాలు వెలువరించే కాంతి) తరంగదైర్ఘ్యాల దగ్గర శోషణ కొలవండి. రెండూ కూడి సగం చేయండి. 10ని ఆ ఘాతానికి హెచ్చించి, వచ్చిన విలువతో రీడింగ్‌ను గుణించండి. శోషణలు 0.20, 0.02 అయితే సగం 0.11, గుణకం సుమారు 1.29. శోషణ బాగా ఎక్కువగా ఉంటే ఈ సవరణను నమ్మవద్దు, పలుచన చేసి మళ్లీ కొలవండి.

సవరించాక తగ్గుదలే మాయమైతే? సెన్సర్ పనికిరాదని కాదు. కానీ అక్కడ శోషించే ఏ పదార్థమైనా ఇదే సంకేతం ఇస్తుంది కాబట్టి, అది టెట్రాసైక్లిన్‌నే గుర్తిస్తుందని చెప్పుకోకూడదు.

సమస్య: యూరోపియం ఎర్రగా వెలగడం లేదు

ముందు బఫర్ చూడండి. ఫాస్ఫేట్ యూరోపియాన్ని కట్టేస్తుంది, ఫాస్ఫేట్ లేని బఫర్ అయిన ట్రిస్‌కు మారండి. నీటి నుంచే నీలి వెలుగు వచ్చి అడ్డుపడుతుంటే టైమ్-గేటెడ్ పద్ధతిలో, దీపం ఆరాక కొన్ని పదుల మైక్రోసెకన్లు ఆగి కొలవండి. హ్యూమిక్ వెలుగు నానోసెకన్లలోనే ఆరిపోతుంది, యూరోపియానిది నిలుస్తుంది.

సమస్య: కలిపినంత మందు తిరిగి కనిపించడం లేదు

కుళాయి నీటిలో క్లోరిన్ దాన్ని సీసాలోనే నాశనం చేస్తుంది. నమూనా పట్టేటప్పుడే సోడియం థయోసల్ఫేట్ వేయండి. స్టాక్ ద్రావణాన్ని గోధుమరంగు సీసాలో 4 డిగ్రీల దగ్గర ఉంచి, పలుచన ప్రమాణాలు ఏ రోజుకారోజు చేసుకోండి. అప్పటికీ రికవరీ (కలిపినదాంట్లో తిరిగి కనిపించిన శాతం) 80–120 శాతంలోకి రాకపోతే డిస్టిల్డ్ వాటర్ గీతను పక్కనపెట్టి, అదే నీటిలో తెలిసిన మోతాదులు కలుపుతూ స్టాండర్డ్ అడిషన్ చేయండి. పాజిటివ్ వచ్చిన నమూనాలను, పదార్థాలను విడదీసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్‌తో నిర్ధారించుకోండి.