ఏథెన్స్ గుడ్లగూబ నాణెం వేలంలో కొనే ముందు

క్రీ.పూ. 5వ శతాబ్దపు వెండి టెట్రాడ్రాక్మ్ (ఒకవైపు ఎథీనా దేవత తల, మరోవైపు గుడ్లగూబ ఉన్న నాలుగు డ్రాక్మాల గ్రీకు నాణెం) కోసం వేలంపాటకు సిద్ధమవుతుంటే ఇవి చూసుకోండి.

• అంచు ఫొటో చూడకుండా పాట పాడకండి. పోతపోసిన నకిలీలకు అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైన గాలిబుడగల గుంటలు కనిపిస్తుంటాయి. అసలు నాణేలు పోతపోసినవి కావు, అచ్చుతో కొట్టినవి. డబ్బంతా పోయేది ఇక్కడే.

• బరువు 17.2 గ్రాముల దగ్గర ఉండాలి. బాగా తగ్గితే లోపల రాగి, పైన వెండి రేకు కావొచ్చు.

• లోతైన గాటు ఉంటే టెన్షన్ వద్దు. లోపలా వెండేనా అని ఆ రోజుల్లోనే ఉలితో కొట్టి చూసేవారు. ధర మాత్రం తగ్గాలి.

• ఎథీనా శిరస్త్రాణం మీది తురాయి నాణెం అంచు దాటిపోవడం మామూలే. ముఖం, గుడ్లగూబ తల స్పష్టంగా ఉంటే చాలు.

• ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితాలు అడగండి. దొంగ తవ్వకాల సరుకైతే జప్తు చేస్తారు.

• చింతపండుతో తోమొద్దు. నలుపుతోపాటు విలువా పోతుంది.