స్కూబా డైవింగ్‌కి లైటు ఎలా ఎంచుకోవాలి? కొన్నాక ఎలా పరీక్షించాలి?

డైవ్ లైటు డబ్బా మీద ల్యూమెన్ల (లైటు ఇచ్చే మొత్తం వెలుగు కొలత) సంఖ్య పెద్దక్షరాల్లో, బీమ్ కోణం (వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో చెప్పేది) చిన్నక్షరాల్లో ఉంటాయి. కొనేవాళ్లు ముందు చదవాల్సింది ఆ చిన్నక్షరాలే. ల్యూమెన్లు సమానంగా ఉన్నా సన్నటి బీమ్ లైటు చేసే పని వెడల్పు బీమ్ లైటు చేయలేదు. అందుకే ఏ నీళ్లలో, ఏం చూడటానికి దిగుతున్నారో తేల్చుకున్నాకే లైటు వెతకడం మొదలుపెట్టాలి.

1. లైటు దేనికో ముందు తేల్చుకోండి

పగటిపూట డైవ్‌కి కూడా లైటు కావాలి. నీరు ఎరుపు రంగును అన్నిటికంటే ముందు మింగేస్తుంది. ఐదు మీటర్ల నుంచే ఎరుపు వెలిసిపోతూ, పది మీటర్లు దాటేసరికి ఎర్రటి పగడాలూ చేపలూ గోధుమ, బూడిద రంగుల్లోకి మారిపోతాయి. దగ్గర్నుంచి లైటు వేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. ఇందుకూ, రాతి సందుల్లోకి తొంగి చూడటానికీ గుప్పిట్లో పట్టే 500–1000 ల్యూమెన్ల లైటు చాలు.

రాత్రి డైవ్‌కి 800–1500 ల్యూమెన్లు సరిపోతాయి. అండమాన్‌లో నీళ్లు తేటగా ఉన్న రాత్రి అందులో సగం వెలుగులోనే హాయిగా చూడొచ్చు. మరీ ఎక్కువైతే చేపలు పారిపోతాయి, జతగా దిగిన డైవర్ (బడ్డీ) కళ్లు బైర్లు కమ్ముతాయి. కాబట్టి కనీసం రెండు స్థాయిల్లో వెలుగు తగ్గించుకునే వీలు ఉండాలి.

వీడియో లైటు సంగతి వేరు. 100 డిగ్రీలకు మించిన బీమ్, 2000 ల్యూమెన్లకు పైన వెలుగు, 5000–5600 కెల్విన్ రంగు ఉష్ణోగ్రత (పగటి వెలుగులాంటి తెలుపు), 90కి తగ్గని సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే, 100కి ఇచ్చే మార్కు) చూసుకోవాలి. రొయ్యలు, పీతల్లాంటి చిన్న ప్రాణులను రాత్రిపూట తీసేవాళ్లకు ఎర్ర లైటు మోడ్ బాగా పనికొస్తుంది. వాటిలో చాలావాటికి ఎరుపు సరిగా ఆనదు కాబట్టి బెదరవు.

మునిగిన ఓడల లోపలికి, గుహల్లోకి వెళ్లడం ప్రత్యేక శిక్షణతో చేసే పని. గుహ డైవర్లు ఒక్కొక్కరూ కనీసం మూడు లైట్లతో దిగుతారు. బ్యాటరీ నడుముకు, లైటు చేతి వెనక గుడ్‌మన్ హ్యాండిల్‌కు (అరచేతికి తొడిగే పట్టీకి) ఉండే క్యానిస్టర్ లైట్లు వాళ్ల కోసం తయారైనవే. మామూలు డైవర్‌కు అవి అనవసరపు బరువు.

2. బీమ్ కోణం చూడండి

1000 ల్యూమెన్ల లైట్లు రెండు తీసుకుందాం, ఒకటి 10 డిగ్రీలది, రెండోది 120 డిగ్రీలది. మూడు మీటర్ల దూరంలో మొదటిది అర మీటరు వలయం వేస్తే, రెండోది పది మీటర్ల మేర పరుచుకుంటుంది. వెలుగు సమానంగా పడిందనుకుని, నీరు పీల్చుకునేది పక్కన పెట్టి లెక్కేస్తే, ఆ దూరంలో మొదటిది 4600 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత), రెండోది 35 లక్స్ ఇస్తాయి. అంటే దాదాపు 130 రెట్ల తేడా. దూరం చూడాలన్నా, బడ్డీకి సైగ చేయాలన్నా సన్న బీమే గతి. 6–12 డిగ్రీల మధ్యలో ఉన్నది, చుట్టూ పలచటి వెలుగు కూడా ఉన్నది మొదటి లైటుగా మంచి ఎంపిక.

మసక నీళ్లలో ఈ తేడా ఇంకా తెలుస్తుంది. విశాఖ తీరంలో వానల తర్వాత నీళ్లు తేరుకోనప్పుడు వెడల్పాటి బీమ్ వేస్తే, తేలే మట్టి రేణువులన్నీ మెరిసి ఎదురుగా తెల్లటి తెర కట్టినట్టవుతుంది. వెలుగు పెంచేకొద్దీ తెర చిక్కబడుతుంది. అక్కడ సన్న బీమ్ వాడి, లైటును మాస్కుకు దూరంగా, చెయ్యి చాచి పక్కనుంచి పట్టుకోవాలి. రేణువుల మీద పడిన వెలుగు అప్పుడు నేరుగా కంట్లోకి తిరిగిరాదు.

ఇంకో మెలిక: డబ్బా మీది కోణం గాలిలో కొలిచిందా, నీటిలోనా? చదునైన అద్దం దాటి నీళ్లలోకి వెళ్లేటప్పుడు వెలుగు వంగి బీమ్ సన్నబడుతుంది. గాలిలో 120 డిగ్రీలున్నది నీటిలో సుమారు 80కి వస్తుంది. వీడియో లైటు కొనేవాళ్లు ఇది అడిగి తెలుసుకోకపోతే వైడ్ లెన్స్ ఫ్రేములో మూలలు చీకటిగా వస్తాయి.

3. బ్యాటరీని మీరే లెక్కేయండి

ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. డైవ్ లైట్లలో ఎక్కువగా వాడే లిథియం సెల్స్ రెండు: 18650 (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు), 21700 (21 మి.మీ., 70 మి.మీ.). నిజమైన 18650లో సుమారు 3500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు), 21700లో 5000 ఎంఏహెచ్ దగ్గర సామర్థ్యం ఉంటుంది. 18650 మీద 9900 అని రాసి ఉంటే కొనకండి. అనుమానం వస్తే వంటింటి తూకం మీద పెట్టండి. అసలు 18650 బరువు 45–50 గ్రాములు. 30 గ్రాముల దగ్గర తూగితే నకిలీదే.

3500 ఎంఏహెచ్ అంటే 3.5 ఆంపియర్-అవర్లు. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్-అవర్లు. ఎల్‌ఈడీ లైటుకు వాటుకు 100 ల్యూమెన్ల చొప్పున వేసుకుంటే, 1000 ల్యూమెన్లకు 10 వాట్లు కాలుతాయి, అంటే గంటా పావు. సర్క్యూట్ నష్టం తీసేస్తే గంట. ఇప్పుడు ‘ఒక్క 18650 సెల్, 5000 ల్యూమెన్లు, మూడు గంటలు’ అన్న ప్రకటనను ఇదే లెక్కలో పెట్టండి. 50 వాట్లకు ఆ సెల్ పావుగంట వస్తే గొప్ప. చాలా సెల్స్ అంత కరెంటు ఇవ్వనే లేవు.

డైవ్ 50 నిమిషాలైతే ఫుల్ వెలుగులో 75–90 నిమిషాలు నిలిచే లైటు తీసుకోండి. సెల్ విప్పి మార్చుకునే మోడల్‌కు స్పేర్ సెల్ ఉంటే రెండో డైవ్‌కీ ఇబ్బంది ఉండదు. సెల్ లోపలే బిగించిన మోడళ్లు నీరు చొరబడకుండా బాగానే కాస్తాయి గానీ, సెల్ ముసలిదైతే లైటు మొత్తం పక్కన పడేయాల్సిందే.

4. లోతు, స్విచ్

ఐపీఎక్స్8 (నీటిలో మునిగినా తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) అని మాత్రమే రాసి లోతు రాయకపోతే వదిలేయండి. ఎంత లోతు, ఎంతసేపన్నది ఆ రేటింగులో తయారీదారే చెప్పాలి. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. సరదాగా చేసే (రిక్రియేషనల్) డైవింగ్ హద్దు 40 మీటర్లే అయినా, 100 మీటర్ల రేటింగ్ ఉన్నది తీసుకుంటే నిశ్చింత.

స్విచ్‌లు మూడు రకాలు. తల తిప్పి వెలిగించేవి చవక, కానీ ఆర్పబోయి ఒక చుట్టు ఎక్కువ తిప్పితే నీళ్లు లోపలికొస్తాయి. నొక్కే బటన్ సులువు, అయితే చవక రకాల్లో రబ్బరు కింద ఇసుక చేరి ఇరుక్కుంటుంది. అయస్కాంతంతో పనిచేసే రింగ్ లేదా స్లైడ్ స్విచ్‌కు బాడీలో రంధ్రమే ఉండదు కాబట్టి నీరు దూరే దారి ఒకటి తగ్గుతుంది. దానిలో చిక్కు ఒక్కటే: కంపాస్ ఉన్న చేత్తో ఆ లైటు పట్టుకుంటే ముల్లు పక్కకు లాగుతుంది. లైటు ఒక చేతికి, కంపాస్ మరో చేతికి ఉంచుకోండి.

లైటును బోల్ట్ స్నాప్‌తో (స్ప్రింగ్ కొక్కెంతో) బీసీడీ (డైవర్ తొడుక్కునే గాలి జాకెట్) రింగుకు తగిలించండి. చెయ్యి జారితే చీకట్లో వెతకడం కుదరదు.

5. బ్యాకప్ లేకుండా రాత్రి దిగొద్దు

ఒక్కొక్కరికీ రెండు లైట్లు, సిలిండర్ మీద ఒక చిన్న మార్కర్ లైటు. బ్యాకప్ పెద్దదే కానక్కర్లేదు. 200–500 ల్యూమెన్లు, ఒంటి చేత్తో వెలిగేది, ఛాతీ దగ్గర తడిమితే దొరికే చోట ఉంటే చాలు. అసలు లైటు ఆరితే బ్యాకప్ వెలిగించి, బడ్డీకి చెప్పి, డైవ్ ముగించి పైకి రావాలి. మిగిలిన డైవ్ పూర్తి చేయడానికి కాదు అది. మెల్లగా గుండ్రంగా తిప్పితే ‘ఓకే’, వేగంగా అటూ ఇటూ ఊపితే ‘ప్రమాదం’. బీమ్ ఎవరి మొహం మీదా వేయకండి.

6. ఓ-రింగ్: నీళ్లు చేరేది ఇక్కడే

కుక్కర్ గ్యాస్కెట్ మీద మెతుకు ఉంటే ఆవిరి పోయినట్టే, మూత దగ్గర నీళ్లు ఆపే రబ్బరు వలయం, అంటే ఓ-రింగ్ మీద వెంట్రుక ఉంటే నీళ్లు లోపలికొస్తాయి. పైగా ఎక్కువగా కారేది మొదటి రెండు మూడు మీటర్లలోనే. లోతుకు వెళ్లేకొద్దీ పీడనం రింగును గాడిలోకి అదిమి బిగిస్తుంది, పైన ఆ సాయం ఉండదు.

చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. రింగును రెండు వైపులా వేళ్లతో ఒత్తితే ఒకచోట ఉబ్బుతుంది, అక్కడ పట్టి తీయండి. రాకపోతే పాత ఏటీఎం కార్డు మూల వాడండి, పిన్నీసు మాత్రం వద్దు. గాడి మీద గీత పడితే ఆ లైటు ఇక నమ్మదగ్గది కాదు. రింగును వేళ్ల మధ్య జార్చుకుంటూ తడమండి, ఇసుక రేణువు కంటికంటే వేలికి ముందు తగులుతుంది. పగులు కనబడితే మార్చేయండి. బియ్యపు గింజంత గ్రీజు, లైటుతో వచ్చినదే, రింగు తళతళలాడేంత మాత్రమే పట్టించండి. గ్రీజు నీళ్లను ఆపదు, రింగు మెలికపడకుండా జారడానికే. ఎక్కువైతే ఇసుకను పట్టి ఉంచుతుంది. వాజ్‌లైన్, కొబ్బరినూనె కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తాయి. చివరిగా మూతను చేతికి ఆగేదాకా బిగిస్తే చాలు, పట్కారతో పనిలేదు.

7. సముద్రంలోకి ముందు బకెట్‌లోకి

సెల్ తీసేసి, లోపల టిష్యూ పేపర్ పెట్టి మూసి, బకెట్ నీళ్లలో గంటసేపు ముంచి ఉంచండి. పైకి తీసి, తుడిచి, మూత కిందికి వచ్చేలా పట్టుకుని విప్పండి. టిష్యూ తడిస్తే రింగు మళ్లీ చూడాలి.

ఇది నెగ్గాక నిండా ఛార్జ్ చేసిన సెల్‌తో, బకెట్ నీళ్లలోనే ఫుల్ వెలుగులో ఉంచి గడియారం చూడండి. గాలిలో ఈ పరీక్ష చేస్తే లైటు వేడెక్కి దెబ్బతింటుంది లేదా తానే వెలుగు తగ్గించుకుంటుంది. ఎన్నో నిమిషంలో వెలుగు పడిపోయిందో లైటు మీద టేపు అంటించి రాసుకోండి. డబ్బా మీది సంఖ్యకంటే ఆ టేపు మీదిదే నమ్మకం.

8. ప్రయాణం, ఛార్జింగ్, వాడాక

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) విమానం ఎక్కేవాళ్లు స్పేర్ లిథియం సెల్స్‌ను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. ఒక్కోటి ప్లాస్టిక్ డబ్బాలో, క్యాబిన్ బ్యాగులో ఉంచాలి. 100 వాట్-అవర్ల లోపు సెల్స్‌కు అనుమతి అవసరం ఉండదు. 5000 ఎంఏహెచ్ సెల్ 18 వాట్-అవర్లే. లైటులో సెల్ ఉంచేస్తే బ్యాగులో దానంతటది వెలిగి కాలవచ్చు కాబట్టి తీసేయండి.

2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో ‘కన్సెప్షన్’ అనే డైవ్ బోటు తగలబడి 34 మంది చనిపోయారు. కారణం కచ్చితంగా తేలలేదు, కానీ ఛార్జింగ్‌లో ఉన్న లిథియం బ్యాటరీల మీదికి అందరి చూపూ మళ్లింది. బోటులోనైనా గదిలోనైనా మనిషి మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి.

డైవ్ తర్వాత మూత విప్పకుండానే మంచినీళ్లలో నానబెట్టి, స్విచ్ రింగును నీళ్లలోనే అటూ ఇటూ కదిలించి ఉప్పు వదిలించండి. నెలల తరబడి వాడకపోతే సెల్‌ను సగం ఛార్జ్‌లో, లైటు బయట ఉంచాలి. ఎప్పుడైనా లోపలికి నీళ్లు వెళ్లాయనిపిస్తే తొందరపడి విప్పకండి. తడిసిన సెల్ గ్యాస్ విడుదల చేసి లోపల ఒత్తిడి పెంచుతుంది. మూతను మొహానికీ మనుషులకూ దూరంగా తిప్పి, మర కొద్ది కొద్దిగా వదులు చేస్తూ గాలి పోనివ్వండి. ఆ సెల్‌ను మళ్లీ ఛార్జ్‌కి పెట్టొద్దు.