క్రియాటిన్ వాడాలనుకుంటున్నారా? డబ్బా కొనేముందు మొదలుపెట్టాల్సిన పనులు

గుంటూరు బ్రాడీపేటలో నేను వెళ్లే జిమ్‌లో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక రోజు పక్కకు పిలిచి అడుగుతాడు: "అన్నా, క్రియాటిన్ వాడితే కిడ్నీలు పోతాయంట, నిజమేనా?" ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో జనం కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి ఎంత అవస్థ పడుతున్నారో చూస్తున్నవాళ్లం. ఆ జబ్బుకూ జిమ్‌కు వెళ్లేవాళ్లు వాడే ఈ క్రియాటిన్ పొడికీ సంబంధం లేదు. అయినా భయపడేవాడికి "ఏం కాదులేరా" అని చెబితే సరిపోదు. ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో వివరంగా చెప్పాలి.

ముందు ఇదేమిటో చూద్దాం. క్రియాటిన్ మన ఒంట్లోనే తయారవుతుంది. అర్జినైన్, గ్లైసిన్, మెథియోనైన్ అనే అమైనో ఆమ్లాలతో కిడ్నీలు, కాలేయం కలిసి రోజుకు సుమారు 1 గ్రాము తయారుచేస్తాయి. మాంసం, చేపలు తినేవాళ్లకు తిండి ద్వారా ఇంకో గ్రాము దాకా అందుతుంది. 1832లో షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మాంసంలోనే కనుక్కున్నాడు. ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో దాదాపు 95 శాతం కండరాల్లోనే ఉంటుంది. బరువు ఎత్తినప్పుడు తొలి కొన్ని సెకన్లలోనే ఖర్చయిపోయే శక్తిని వెంటనే మళ్లీ నింపడం దీని పని. అందుకే ఎనిమిది రెప్స్ (బరువును ఎత్తి దించడాలు) దగ్గర ఆగిపోయేవాడు తొమ్మిదో, పదో తీయగలుగుతాడు. ఇది స్టెరాయిడ్ కాదు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించిన పదార్థాల జాబితాలోనూ లేదు. బరువులు ఎత్తకుండా వాకింగ్ మాత్రమే చేసేవాళ్లు దీనికి డబ్బు తగలేయనక్కర్లేదు.

మొదటి పని: రక్త పరీక్ష

డబ్బా కొనకముందే సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. షుగర్, బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, కీళ్ల నొప్పులకో నడుము నొప్పికో రోజూ మాత్రలు మింగేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు. పద్దెనిమిది నిండని పిల్లలకు సరైన తిండి, నిద్ర చాలు.

ఈ పరీక్ష ఎందుకో మా పిన్ని కొడుకు సంగతి చెబితే తెలుస్తుంది. వాడిది విజయవాడ పటమట. పరీక్షలేవీ లేకుండా క్రియాటిన్ మొదలుపెట్టాడు. మూడు నెలలకు ఉద్యోగం కోసం మెడికల్ చెకప్ పడింది. ముందురోజు ఆదివారం, ఇంట్లో మటన్, సాయంత్రం జిమ్‌లో కాళ్ల వర్కవుట్. సోమవారం రిపోర్టులో క్రియాటినిన్ 1.4 అని, పక్కన ఎక్కువ ఉందన్న గుర్తు. పిన్ని నాకు ఫోన్ చేసి ఏడ్చింది, డబ్బా చెత్తబుట్టలో పడేసింది. కిడ్నీ డాక్టరు వాణ్ణి మూడే ప్రశ్నలు అడిగారు: ఏం వాడుతున్నావు, ఏం తిన్నావు, ఏం ఎత్తావు. కిడ్నీల పనితీరునే ఇంకో రకంగా చూసే సిస్టాటిన్ సి అనే పరీక్ష రాశారు. అది మామూలుగానే వచ్చింది. పొడి ఆపేసి రెండు వారాల తర్వాత చూస్తే క్రియాటినిన్ 1.1.

క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు. కండరాల్లోని క్రియాటిన్‌లో కొంత రోజూ క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెడితే బూడిద ఎక్కువ వస్తుంది. అంతమాత్రాన బూడిద ఎత్తే మనిషికి జబ్బు చేసినట్టు కాదు. పొడి వాడినా, కండ ఎక్కువున్నా, వండిన మాంసం బాగా తిన్నా, ముందురోజు గట్టిగా వ్యాయామం చేసినా ఆ అంకె కాస్త పెరగొచ్చు. ఆరోగ్యవంతులు సరైన మోతాదులో వాడితే కిడ్నీలు దెబ్బతింటాయని ఇన్నేళ్ల పరిశోధనల్లో తేలలేదు. అలాగని అంకె పెరిగిన ప్రతిసారీ "క్రియాటిన్ వల్లేలే" అని వదిలేయకండి. ఆ మాట డాక్టరు చెప్పాలి. మొదలుపెట్టక ముందు చేయించుకున్న రిపోర్టు చేతిలో ఉంటే ఆయన పని సగం తేలికవుతుంది.

రెండో పని: కొనడం

క్రియాటిన్ మోనోహైడ్రేట్ కొనండి. ఎక్కువ పరిశోధన జరిగింది దీని మీదే. హెచ్‌సీఎల్ అనో, బఫర్డ్ అనో ఎక్కువ ధరకు అమ్మే వేరే రకాల క్రియాటిన్‌లు దీనికంటే బాగా పనిచేస్తాయన్న రుజువు లేదు. డబ్బా మీద పదార్థాల పట్టికలో అదొక్క పేరే ఉండాలి. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, చెదరని సీలు చూసుకోండి. తెలిసినవాడు కవర్లో పోసి చవగ్గా ఇచ్చే లూజు పొడి మాత్రం తీసుకోవద్దు. అందులో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు.

మూడో పని: కలుపుకోవడం

రోజుకు 3 నుంచి 5 గ్రాములు. మొదటి వారం రోజుకు 20 గ్రాములు నాలుగుసార్లుగా తీసుకోవడాన్ని లోడింగ్ అంటారు. నేనైతే వద్దంటాను. రోజూ 3 గ్రాములే తీసుకున్నా నాలుగు వారాల్లో కండరాలు అదే స్థాయికి నిండుతాయి, కడుపు ఉబ్బరం, విరేచనాల గోల ఉండదు. డబ్బాలో వచ్చే చెంచా ఎన్ని గ్రాములదో లేబుల్ మీద చదివి, గోపురంలా కాకుండా అంచుకు సమంగా కొలవండి.

గ్లాసు అడుగున తెల్లటి రవ్వ మిగిలితే చాలామంది నకిలీదని కంగారుపడతారు. ఇది చల్లటి నీళ్లలో తేలిగ్గా కరగదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగేది సుమారు 14 గ్రాములే. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 5 గ్రాములు వేస్తే రవ్వ మిగలడం ఖాయం. ఇంకో నాలుగు గుక్కల నీళ్లు పోసి, గిర్రున తిప్పి, ఆ రవ్వ కూడా తాగేయండి. గోరువెచ్చటి నీళ్లయితే బాగా కరుగుతుంది. మజ్జిగలోనూ వేసుకోవచ్చు. రాత్రే కలిపి పెట్టుకోవడం, నిమ్మరసంలో గంటల తరబడి ఉంచడం మాత్రం వద్దు. పులుపులో అది మెల్లగా క్రియాటినిన్‌గా మారిపోతుంది.

పొద్దునా, సాయంత్రమా అన్నది పెద్ద విషయం కాదు. జిమ్ లేని రోజు కూడా మానకండి. శాకాహారులకు కండరాల్లో నిల్వ తక్కువ కాబట్టి తేడా ఇంకా బాగా తెలియవచ్చు. వాళ్లు తాగే పాలలోనూ క్రియాటిన్ చాలా తక్కువే.

నాలుగో పని: ఒంటిని గమనించడం

మొదటి వారాల్లో ఒకటి రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, కండరాల్లో చేరిన నీరు. క్రియాటిన్‌తో కండరాలు బిగుసుకుని పట్టేస్తాయన్న మాటకు పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. కానీ మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మనకు తెలుసు, క్రియాటిన్ వాడినా వాడకపోయినా నీళ్లు బాగా తాగాల్సిందే. జుట్టు రాలుతుందన్న ప్రచారం 2009లో కొద్దిమంది రగ్బీ ఆటగాళ్ల మీద జరిగిన అధ్యయనంతో మొదలైంది. అందులో కొలిచింది జుట్టు రాలడంతో ముడిపెట్టే ఒక హార్మోన్‌నే, ఊడిన జుట్టును కాదు.

పాదాలు వాచినా, మూత్రం తగ్గినా వెంటనే ఆపేసి డాక్టరుకు చూపించుకోండి. మితిమీరి బరువులు ఎత్తాక తీవ్రమైన కండరాల నొప్పితో పాటు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే తెల్లవారేదాకా ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు నెలలకు మళ్లీ అదే రక్త పరీక్ష. దానికి ముందు రెండు రోజులు మాంసం, బరువులు మానేసి, క్రియాటిన్ వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పండి.

మా పిన్ని కొడుకు డాక్టరు సరేనన్నాక మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడి డబ్బా మూత మీద మార్కర్‌తో తెరిచిన తేదీ, దాని కింద క్రియాటినిన్ 1.1 అని రాసుంటుంది. ఆ డబ్బాను వంటింటి అలమరలో చక్కెర డబ్బా పక్కన పెట్టింది పిన్నే.