ఎస్‌పీటీ, కోన్ లెక్కలు కుదరనప్పుడు

చెన్నై తిరువాన్మియూరు సముద్రపు ఇసుకలో 6 మీటర్ల లోతున ఎస్‌పీటీలో (సుత్తితో కొట్టి గొట్టాన్ని నేలలోకి దించే పరీక్ష) ఎన్, అంటే నిర్ణీత లోతు దిగడానికి పట్టిన దెబ్బలు, 20 వచ్చింది, భూకంపంలో ఇసుక ద్రవీకరణ (నీళ్లలా మారడం) భయం లేదన్నట్టు. పక్కనే కోన్ పరీక్షలో (శంకువు మొనను నేలలోకి నెట్టి చూసేది) మొన నిరోధం 7.5 మెగాపాస్కలే. శుభ్రమైన ఇసుకకు మామూలు నిష్పత్తితో అది ఎన్ 15కే సరిపోతుంది. రెండు రోజులు టెన్షన్.

బోరు మేస్త్రి నెల్లూరాయన. "అన్నా, సుత్తి ఎత్తే డ్రమ్ముకు తాడు ఎన్ని చుట్లు?" అన్నాను. "మూడు సార్, జారకుండా" అన్నాడు. రెండే ఉండాలి! చుట్లు పెరిగితే రాపిడికి సుత్తి శక్తి తగ్గుతుంది, దెబ్బలు పెరుగుతాయి, నేల గట్టిదనిపిస్తుంది.

రాడ్డుకు పరికరం బిగించి కొలిస్తే సుత్తి శక్తిలో రాడ్డుకు చేరుతున్నది 45 శాతమే. ప్రమాణం 60. 20×45/60 = 15. రెండూ కలిశాయి. సన్నమట్టి శాతం, పైభారం (పైనున్న మట్టి బరువు) సవరణలు ఆ తర్వాతే చేశాను.