ముట్లుడిగే వయసులో మూలికలు వాడే పద్ధతి

ముట్లుడిగే దశలో మూలికలు వాడాలనుకునేవారు చూర్ణం డబ్బా తెచ్చుకోవడానికి రెండు వారాల ముందే ఒక చిన్న నోటు పుస్తకం తలగడ పక్కన పెట్టుకోవాలి. పగలు ఎన్నిసార్లు ఒళ్లంతా సెగలు కమ్మాయి, రాత్రి ఎన్నిసార్లు జాకెట్టు తడిసి మెలకువ వచ్చింది, మళ్లీ నిద్ర పట్టడానికి ఎంతసేపైంది, ఆ రోజు మనసెలా ఉంది అన్నవి తేదీ వేసి రాసుకుంటే చాలు. ఇది చాదస్తంలా కనిపించవచ్చు. కానీ ఈ వేడి ఆవిర్లు కొన్ని వారాలు విజృంభించి, మరికొన్ని వారాలు వాటంతటవే నెమ్మదిస్తాయి. మందు లేని ఉత్త మాత్రలు మింగిన స్త్రీలలో కూడా వాటి సంఖ్య బాగా తగ్గినట్టు అనేక పరీక్షల్లో తేలింది. లెక్క రాసుకోకపోతే మేలు మూలిక వల్ల జరిగిందో, దానంతటదే జరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లు ఉడిగినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ల వయసులో జరుగుతుంది, అంటే పాశ్చాత్య దేశాల స్త్రీల కంటే నాలుగైదేళ్లు ముందు. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తయారీని తగ్గించే కొద్దీ, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ మరీ సున్నితమవుతుంది. పొయ్యి దగ్గర తగిలిన పిసరంత వేడికే అది చర్మంలోని రక్తనాళాలను విప్పి, చెమట పట్టించి, ఉన్న వేడినంతా బయటికి నెట్టేస్తుంది. ఛాతీ నుంచి మెడ మీదుగా ముఖానికి పాకి, సాధారణంగా ఐదు నిమిషాల లోపు తగ్గిపోయే ఆ సెగకూ, వెనకే వచ్చే చలికీ కారణం ఇదే. మూలికల్లో కొన్నింటిలో ఈస్ట్రోజన్‌ను బలహీనంగా పోలిన పదార్థాలు ఉన్నాయి, కొన్నింటిని నిద్రకూ ఆందోళనకూ వాడతారు, మరికొన్ని కేవలం నోటికి, ఒంటికి చల్లగా ఉంటాయి. అండాశయాల చేత మళ్లీ హార్మోన్‌ను తయారు చేయించే మూలిక మాత్రం ఏదీ లేదు.

ఆంధ్ర, తెలంగాణ స్త్రీలకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలను ఉంచితే నెలసరి ఆగుతుంది గానీ హార్మోన్లు సాధారణంగా మరికొన్నేళ్లు వస్తూనే ఉంటాయి. అండాశయాలు కూడా తీసేస్తే లక్షణాలు కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా మీద పడతాయి, ఎముకలకూ గుండెకూ ఉండే రక్షణ చిన్న వయసులోనే పోతుంది. తమకు ఏమి తీశారో తెలియని స్త్రీలను నేను చాలామందిని చూశాను, అందుకే డిశ్చార్జి కాగితాలు వెతికి చదివించుకొమ్మని చెబుతున్నాను. 45 ఏళ్లలోపు ముట్లుడిగినవారు, అది ఆపరేషన్ వల్ల అయినా దానంతటదే అయినా, దయచేసి చూర్ణాలతో సరిపెట్టుకోవద్దు. హార్మోన్ చికిత్స అవసరమా, ఎన్నేళ్లు అవసరం అన్నది స్త్రీల వైద్య నిపుణులతోనే తేల్చుకోవాలి.

మూలికల వాడకంలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకసారికి ఒకటే వాడటం. నాకు 48 ఏళ్లప్పుడు నిద్ర కరువై, ఒకే వారంలో నానబెట్టిన మెంతులు, పెన్నేరు (అశ్వగంధ) చూర్ణం, తెలిసినావిడ ఇచ్చిన పేరులేని పొడి పొట్లం మూడూ మొదలుపెట్టాను. పదో రోజుకు కడుపులో మంట, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. మూడింటిలో ఏది పడలేదో తెలియక అన్నీ మానేయవలసి వచ్చింది, ఆ పొట్లంలో ఏముందో నేటికీ నాకు తెలియదు. ఒక్కదానినే తీసుకుని, 8 నుంచి 12 వారాలు వాడి, పుస్తకంలోని పాత లెక్కతో పోల్చి చూడాలి. తేడా లేకపోతే దానిని మానేసిన తరువాతే మరొకటి మొదలుపెట్టాలి.

మొదటి ప్రయత్నం వంటింటి సరుకుతో చేయడం మేలు. ఉన్నంతలో ఆధారం ఎక్కువగా ఉన్నది సోయాకే. 2012లో అంతకుముందు జరిగిన పరీక్షల ఫలితాలను కలిపి లెక్కగట్టినప్పుడు, సోయాలో ఉండే, ఈస్ట్రోజన్‌ను బలహీనంగా పోలిన ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలను రోజుకు సుమారు 54 మి.గ్రా. తీసుకున్నవారిలో వేడి ఆవిర్ల సంఖ్య ఉత్త మాత్రల వారి కంటే 21 శాతం దాకా అదనంగా తగ్గింది. అయినా ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం 2023లో ఆధారాలు చాలవంటూ సోయాను గానీ ఇతర మూలికలను గానీ సిఫారసు చేయలేదు, కాబట్టి ఓ మోస్తరు ఉపశమనం కంటే ఎక్కువ ఆశించకూడదు. సోయాలోని ఒక ఐసోఫ్లేవోన్‌ను ఈక్వాల్ అనే మరింత చురుకైన పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు; ఒకరికి పనిచేసింది మరొకరికి పనిచేయకపోవడానికి అది ఒక కారణం కావచ్చు. 30 గ్రాముల ఎండు సోయా గింజలను రాత్రి నానబెట్టి, మర్నాడు ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, గుగ్గిళ్లకు వేసినట్టే ఇంగువ పోపు వేసుకుంటే దాదాపు ఆ మోతాదు అందుతుంది. పచ్చి గింజలు, సరిగా వేగని పిండి తినకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి.

అవిసె గింజల గురించి వినవచ్చే గొప్పలు ఎక్కువ. 188 మంది స్త్రీలతో చేసిన ఒక పరీక్షలో వేడి ఆవిర్లు తగ్గించడంలో అవి ఉత్త పదార్థం కంటే మెరుగని తేలలేదు. మలబద్ధకానికి మాత్రం అవి మంచివే, ఆ వయసులో అదీ ఒక బాధే. మందపాటి మూకుడులో సన్నసెగ మీద వేయిస్తే కాసేపటికి గింజలు చిటపటలాడుతూ ఎగురుతాయి, కమ్మని వాసన వస్తుంది. అప్పుడే దించి పళ్లెంలో ఆరబోయాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా చేదెక్కుతాయి. ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి పొడి కొట్టి అన్నంలో రోజుకు ఒక పెద్ద చెంచా వేసుకుని, నీళ్లు బాగా తాగాలి. పొడి చేయని గింజ అరగకుండా అలాగే బయటికి పోతుంది. కూర వండుకునే అవిసె ఆకు చెట్టు వేరు, ఈ గింజల మొక్క వేరు.

శతావరి అంటే మన పిల్లిపీచర. పచ్చి వేళ్లు దొరికితే పై పొట్టు గీకి, మధ్యలోని నారను లాగేసి, ముక్కలు కోసి నీడన ఆరబెట్టి దంచుకోవాలి. అర చెంచా పొడిని గోరువెచ్చని పాలలో కలిపి రాత్రి తాగడం మన పెద్దల అలవాటు. ముట్లుడిగే లక్షణాలకు దానిపై జరిగిన పరీక్షలు తక్కువ, చిన్నవి. పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, నిద్రలేమి, చిరాకు ముఖ్య బాధలుగా ఉన్నవారు ఆలోచించదగినది. 2021లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో వేరు సారం 300 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు 8 వారాలు ఇస్తే లక్షణాలు తగ్గాయి. సారానికి చెప్పిన మోతాదు చూర్ణానికి వర్తించదు, సీసా మీద ఏది ఉందో చదవాలి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు దీని జోలికి వెళ్లకూడదు. డెన్మార్క్ 2023లో దీని అమ్మకాన్నే నిషేధించింది. వాడుతుండగా మూత్రం ముదురు పసుపుగా మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే మానేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు ప్రేమతో పంపే బ్లాక్ కోహోష్ అనే అమెరికా మూలిక మాత్రల విషయంలోనూ కాలేయం గురించి ఇదే జాగ్రత్త అవసరం. 2012లో 16 పరీక్షలను, 2,027 మంది స్త్రీల ఫలితాలను సమీక్షించినా అది పనిచేస్తుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదు. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే విదేశీ మూలిక రక్తం పలచబరిచే మందులు, డిప్రెషన్ మాత్రలు వంటి అనేక మందులతో ప్రమాదకరంగా కలుస్తుంది. చూర్ణాల మిశ్రమాల్లో తరచుగా కనిపించే అతిమధురం రక్తపోటును పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు తమ క్యాన్సర్ వైద్యులను అడగకుండా ఐసోఫ్లేవోన్ మాత్రలు, శతావరి వంటివి మొదలుపెట్టకూడదు.

కొనేటప్పుడు తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఒక్కొక్క మూలిక ఎంత ఉందో తెలిపే పట్టిక ఉన్న డబ్బానే తీసుకోవాలి. 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ బయటపడ్డాయి. లోహాలను, ఖనిజాలను కాల్చి చేసే భస్మాలు కలిసినవాటిని సొంతంగా వాడకూడదు.

వట్టివేళ్లు వేసిన కుండనీళ్లు, సుగంధిపాల షర్బత్ హాయినిస్తాయి, తాగవచ్చు. మధుమేహం ఉంటే షర్బత్‌లో పంచదార చూసుకోవాలి. యోనిలో పొడిబారడం, మంట, కలయికలో నొప్పి ఉన్నవారు మాత్రం మూలికల కోసం కాలం వృథా చేయవద్దు. అది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన బాధ కాదు, వైద్యులు రాసిచ్చే ఈస్ట్రోజన్ క్రీమ్‌తో చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గుతుంది.

12 నెలలు నెలసరి ఆగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, అది మూలిక వేడి చేయడం వల్ల అని ఎవరు చెప్పినా నమ్మకుండా, ఆ వారంలోనే స్త్రీల వైద్య నిపుణులకు చూపించి, గర్భసంచి క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవాలి. వెళ్లేటప్పుడు నోటు పుస్తకాన్ని, వాడుతున్న డబ్బాలన్నింటినీ ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి.