నల్ల పొగ, నల్ల ప్లగ్గు: పాత కారు కార్బురేటర్ రిచ్‌గా నడుస్తుంటే

పాత కారు సైలెన్సర్ నల్ల పొగ వదిలిందంటే చాలామంది చెయ్యి నేరుగా కార్బురేటర్‌కి (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న మిక్చర్ స్క్రూ మీదకే పోతుంది. చాలా కార్బురేటర్లలో ఆ స్క్రూ పెత్తనం ఐడిలింగ్ (బండి నిలబడి ఇంజిన్ మాత్రం తిరగడం) వరకే. బండి రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు పెట్రోలు ఎక్కువ పోతుంటే దాన్ని ఎంత తిప్పినా ఒరిగేదేమీ లేదు, పైగా మొదట్లో ఎక్కడుందో ఆ గుర్తు కూడా పోతుంది. స్క్రూని చివరికి వదిలేసి, ఒక్క ప్రశ్న వేసుకోండి: రిచ్ (గాలికి మించి పెట్రోలు) అవుతున్నది ఎప్పుడు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఐడిలింగ్‌లోనా, లోడ్ మీదా? సగం రోగం అక్కడే దొరుకుతుంది.

ముందు, అది నిజంగా రిచ్చేనా?

పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి అంతకంటే బాగా తగ్గితే ప్లగ్గుల మీద పొడి మసి పడుతుంది, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంటుంది. అదే తడిగా, జిడ్డుగా మెరుస్తుంటే అది ఇంజిన్ ఆయిల్. ఆ పొగ నీలంగా ఉంటుంది, దానికి కార్బురేటర్‌తో సంబంధం లేదు. ఒకే కార్బురేటర్ ఉన్న ఇంజిన్లో ఒక్క ప్లగ్గే నల్లబడితే ఆ ప్లగ్గు, దాని వైరు, ఆ సిలిండర్ కంప్రెషన్ చూడండి.

చాలాసేపు ఐడిలింగ్‌లో నిలబెట్టిన బండిలో ప్లగ్గులన్నీ నల్లగానే ఉంటాయి, వాటిని చూసి తీర్పు చెప్పకూడదు. కాసేపు మామూలు వేగంతో నడిపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా ఇంజిన్ ఆపి, అప్పుడు విప్పండి.

స్పార్క్ బలహీనంగా ఉన్నా పెట్రోలు కాలక మసి పడుతుంది. అందుకే కార్బురేటర్ మూత తీసేముందు ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల గ్యాప్, కండెన్సర్, టైమింగ్ చూసుకోవాలి. ఎత్తైన కొండ దారిలో మాత్రమే బండి రిచ్ అయి, దిగాక సర్దుకుంటే ఏదీ చెడలేదు. పైన గాలి పలచన, అంతే.

పొద్దున బాగుంటుంది, వేడెక్కాక ముక్కుతుంది

దాదాపు ఎప్పుడూ చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు మిక్చర్‌ని రిచ్ చేసే ఏర్పాటు) వల్లే. ఇంజిన్ వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడండి, చోక్ రేకు పూర్తిగా తెరుచుకుని నిలువుగా ఉండాలి. డాష్‌బోర్డులో నాబ్ లోపలికి పోయినా, కేబుల్ తొడుగు జారి ఉంటే లివర్ వెనక్కి రాదు. ఆటోమేటిక్ చోక్ అయితే స్ప్రింగుకి వేడి అందుతోందా చూడాలి. ఎస్‌యూ రకం కార్బురేటర్లకి సాధారణంగా ఈ రేకు ఉండదు, చోక్ లాగితే జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం ఉన్న ముక్క) కిందికి దిగుతుంది. నాబ్ తోసేశాక జెట్‌ని కిందినుంచి వేలితో పైకి నొక్కండి, ఇంకా కదిలిందంటే అది పూర్తిగా వెనక్కి రాలేదన్నమాట. మురికిపట్టిన చోక్ ఇరుసుని క్లీనర్‌తో కడగాలి, నూనె పోస్తే దుమ్ము మళ్ళీ చేరుతుంది.

మూత తీశారు కాబట్టి ఫిల్టర్ కూడా వెలుతురుకి పట్టి చూడండి, వెలుతురు రాకపోతే మార్చేయండి.

ఎప్పుడూ రిచ్, పెట్రోలు వాసన, కార్బురేటర్ బయట తడి

ఫ్లోట్ ఛాంబర్ కథ ఇది: కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె, అందులో తేలే ఫ్లోట్ నీడిల్ వాల్వుని మూసి పెట్రోలు లెవెల్ ఆపుతుంది. స్థిర జెట్ రకాల్లో (సోలెక్స్, వెబర్, జెనిత్) ఐడిలింగ్‌లో టార్చి వేసి గొంతులోకి చూడండి. మెయిన్ నాజిల్ నుంచి అప్పుడు చుక్క రాకూడదు. వస్తోందంటే లెవెల్ ఎక్కువైంది.

కారణం నాలుగింటిలో ఒకటి. నీడిల్ వాల్వు కింద నలుసు ఇరుక్కోవడం, నీడిల్ మొన మీద అరిగిన గీత పడటం, ఫ్లోట్‌లోకి పెట్రోలు చేరడం, పంపు ప్రెషర్ ఎక్కువవడం. చాలామంది మొదటి రెండూ చూసి, కొత్త నీడిల్ వేసి, అయినా పొంగుతుంటే నీడిల్‌నే తిట్టుకుంటారు. పాత మెకానికల్ పంపులు సాధారణంగా 3 నుంచి 5 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) ఇస్తాయి, ఎస్‌యూకి 3 లోపు ఉంటేనే మేలు. ఎవరో ఎక్కువ ప్రెషరిచ్చే ఎలక్ట్రిక్ పంపు తగిలించి ఉంటే ఆ ఒత్తిడికి నీడిల్ ఆగకపోవచ్చు. గేజి పెట్టి కొలవండి, ఎక్కువుంటే రెగ్యులేటర్ వేయాలి.

ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపలి పెట్రోలు చప్పుడు చేస్తుంది. సందేహం ఉంటే వేడినీళ్ళలో ముంచండి, చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. మంట దగ్గరకి మాత్రం తీసుకుపోవద్దు. చిల్లుకి దండిగా టంకం పెట్టేవాళ్ళుంటారు. బరువెక్కిన ఫ్లోట్ మునిగి కూర్చుని లెవెల్ మళ్ళీ పెంచుతుంది, అందుకే కొత్తది వేయడమే నా సలహా. ఫ్లోట్ ఎత్తు మాన్యువల్ చెప్పినట్టే పెట్టండి, ఆ కొలత గ్యాస్కెట్‌తోనా, లేకుండానా అన్నది కూడా చదివి.

వేగంలో, ఎక్కుడులో మాత్రమే పొగ

మెయిన్ జెట్ మీది నంబరు మాన్యువల్‌తో సరిపోల్చండి. పాత యజమాని పెద్దది వేసి ఉండొచ్చు, లేదా ఇనుప తీగతో పొడిచి రంధ్రం పెంచి ఉండొచ్చు. జెట్‌లోకి తీగ దూర్చకూడదు, క్లీనర్, గాలి పీడనం చాలు. మెయిన్ సర్క్యూట్ గాలి రంధ్రం మూసుకుపోయినా రిచ్ అవుతుంది. ఎస్‌యూలో జెట్ లోపల కదిలే నీడిల్ (ఫ్లోట్ దగ్గరిది కాదు) రాసుకుని జెట్ కోడిగుడ్డు ఆకారానికి తిరిగితే రెండూ కలిపి మార్చాలి.

హోలీ రకం కార్బురేటర్‌లో పవర్ వాల్వు (లోడ్ మీద అదనపు పెట్రోలు ఇచ్చేది) డయాఫ్రమ్ చిరిగితే ఐడిలింగ్‌లోనూ రిచ్చే. మిక్చర్ స్క్రూలు పూర్తిగా బిగించినా ఇంజిన్ ఆగకపోతే పెట్రోలు వేరే దారిన వస్తున్నట్టు.

ఇప్పుడు స్క్రూ

ఇంజిన్ వేడిగా ఉండాలి. ముందు మీ కార్బురేటర్‌లో ఉన్నది మిక్చర్ స్క్రూనా, గాలి స్క్రూనా తేల్చుకోండి: మొదటిది బిగిస్తే లీన్ (పెట్రోలు తక్కువ), రెండోది బిగిస్తే రిచ్. ఎన్ని చుట్లు విప్పి ఉందో రాసుకుని, ఇంజిన్ వేగం గరిష్ఠానికి వచ్చేదాకా తిప్పి, అక్కణ్ణుంచి పిసరంత లీన్ వైపు తేవాలి. ఎస్‌యూలో కార్బురేటర్ లోపలి పిస్టన్‌ని సుమారు 0.8 మిల్లీమీటర్లు ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్, కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉంది, ఇంజిన్ ఆగబోతే లీన్.

డిప్‌స్టిక్ కూడా తీసి వాసన చూడండి. ఆయిల్ లెవెల్ పెరిగి పెట్రోలు వాసన కొడుతుంటే అది పలచబడినట్టే, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే బండి రోడ్డెక్కించండి.